జోడు కింద బొటనవేలు

జోడంటే చెప్పుల జోడు అనుకునేరు, కాదు. కళ్ళజోడు. లేజరు ప్రదర్శనల యంత్రాలు బిగించే ఆ కంపెనీలో ముప్పై ఏళ్ళుగా "నీ జోడేదిరా? నెత్తిమీద పెట్టుకోవడానికి అదేమన్నా కిరీటమా? కళ్ళకి పెట్టు!" అని అరుస్తూ తిరిగే మనిషికి జోడు బాబాయ్ అని కాక ఇంకేమని పేరు పెడతారు? ఆ పేరు పెట్టినవాళ్ళు ఎప్పుడో వేరే కొలువులు చూసుకుని వెళ్ళిపోయారు. పేరు మాత్రం మిగిలింది. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా కనపడదు.

ఏ హాల్లో పనికి వెళ్ళినా ముందుగా తలుపు పక్కన ఒక రేకు డబ్బా పెట్టించేవాడు. ఉంగరాలు, గడియారాలు, మెరిసే బకిళ్ళ బెల్టులు అందులో వేసి లోపలికి రావాలి. కిరణం దారిలో మెరిసేది ఏదైనా అద్దమేనని, అద్దం తగిలితే కిరణం ఎటు తిరుగుతుందో దాన్ని తయారుచేసినవాడికి కూడా తెలీదని చెప్పేవాడు. రెయిలింగులకి నల్లగుడ్డ చుట్టించేవాడు. యంత్రాన్ని ఆపే ఎర్ర బటన్ దగ్గర ఒక మనిషిని కదలకుండా నిలబెట్టేవాడు. "శక్తి బాగా తగ్గించాం కదా బాబాయ్, ఏం కాదులే" అని ఎవరన్నా అంటే ఒంటికాలి మీద లేచేవాడు.

"చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలిరా. రెప్ప వేస్తాంలే అనుకుంటున్నావేమో, నీ రెప్ప పడేలోపు అది లోపల కాల్చాల్సింది కాల్చేసి ఉంటుంది. నా చేతి కింద ఇంతవరకు ఒక్క కన్ను పోలేదు. నువ్వు మొదలుపెట్టకు."

ఆ చివరి రెండు మాటలూ కొత్తవాళ్ళు సైతం కంఠతా పట్టేసి, ఆయన నోరు తెరవకముందే వెనక నుంచి అప్పజెప్పేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. అందులో అబద్ధం లేదు. ముప్పై ఏళ్ళలో ఆయన జట్టులో ఎవరి కంటికీ దెబ్బ తగల్లేదు.

అయితే ఇంత చెప్పే పెద్దమనిషి తాను మాత్రం ఏం చేసేవాడో ఇక్కడే చెప్పుకోవాలి. ఆకుపచ్చ కిరణంతో పని చేసేటప్పుడు పెట్టుకునే జోడు నారింజ రంగులో ఉంటుంది. ఆకుపచ్చ వెలుగుని లోపలికి రానివ్వకపోవడమే దాని పని. అంటే ఏ చుక్కనైతే అద్దం నడిమధ్యకి తేవాలో, జోడు పెట్టుకుంటే ఆ చుక్కే కనపడదు. దానికీ ఉపాయం లేకపోలేదు. నారింజ పూత పూసిన అట్టలు వస్తాయి. అట్ట అడ్డం పెడితే కిరణం పడ్డచోట నారింజ రంగులో వెలుగుతుంది, అది జోడులోంచి కూడా కనపడుతుంది. కాకపోతే అట్ట పెట్టి, చూసి, తీసి, మర తిప్పి, మళ్ళీ అట్ట పెట్టి, ఇలా ఒక్కో అద్దానికి గంట పడుతుంది. జోడు బాబాయ్ ఏం చేసేవాడంటే, నిచ్చెన మీద తానొక్కడే ఉన్నప్పుడు ఎడమచేతి బొటనవేలితో జోడు కింది అంచు రవ్వంత ఎత్తి, ఒక్క క్షణం తొంగి చూసి, వదిలేసేవాడు. నిమిషంలో పని అయిపోయేది. చేసేటప్పుడు తప్పు చేస్తున్నానని కూడా అనిపించేది కాదు. ముక్కు దురద పెడితే గోక్కున్నట్టు, వేలు దానంతటదే వెళ్ళేది. ఆయన సంచీలో అట్టల కట్ట ఉంది, నిజమే. దానికి వేసిన రబ్బరు బ్యాండు ఊడదీసిన పాపాన పోలేదు.

ఆయనకి ఒక్కతే కూతురు. పుట్టినప్పటి నుంచీ ముద్దుగా చుక్కా అని పిలిచేవాడు. ఎవరెంత చెప్పినా వినకుండా చుక్క తండ్రి పనిలోనే చేరింది. నాలుగేళ్ళలో అద్దాలు సరిచెయ్యడంలో జట్టులో ఆమెని మించినవాళ్ళు లేరనిపించుకుంది. "జోడూ చుక్కా, జోడీ కుదిరింది" అని అందరూ వేళాకోళం చేస్తుంటే ఆయన పైకి విసుక్కునేవాడు గానీ, లోపల పొంగిపోయేవాడు.

ఆ రోజు ఒక కొత్త నాట్యశాలలో పని. మూడు అద్దాలు. రెండు సరిచేసేశారు. చుక్క మూడో అద్దం దగ్గర నిచ్చెన మీద ఉంది. మీటల బల్ల దగ్గర ఆపరేటరు ఉన్నాడు. జోడు బాబాయ్ బాల్కనీ రెయిలింగుకి నల్లగుడ్డ చుడుతున్నాడు.

"కొంచెం కుడికి," అంది చుక్క పైనుంచి. "ఇంకొంచెం. ఆఁ, ఆపు."

అద్దం వెనక మర ఒకటి వదులుగా ఉందని, ఆమె చెయ్యి తగలగానే అద్దం గిర్రున తిరిగిందని తర్వాత తేలింది. అప్పటికి మాత్రం ఆయనకి వినపడింది ఒక్కటే పిలుపు.

"నాన్నా."

అరుపు కాదు. చిన్నప్పుడు చేతిలోంచి ఏదన్నా పడి పగిలితే ఎలా పిలిచేదో అలా పిలిచింది. ఆపరేటరు ఎర్ర బటన్ నొక్కాడు. జోడు బాబాయ్ నిచ్చెన ఎలా ఎక్కాడో ఆయనకే తెలీదు. చుక్క జోడు నుదుటి మీదికి ఎక్కి ఉంది. ఆమె అరచేత్తో ఎడమకన్ను మూసుకుని, కుడికంటితో ఆయన్నే చూస్తోంది.

"నొప్పేం లేదు నాన్నా," అంది. "నీ చెవులు కనపడుతున్నాయి, భుజాలు కనపడుతున్నాయి. నీ మొహం మటుకు లేదు."

కంటి డాక్టరు చాలా నెమ్మదిగా మాట్లాడే మనిషి. కుడికంట్లో చూపుకి నడిమధ్య ఉండే చోటే కాలిందని, అంచులకేమీ కాలేదని, ఆ మచ్చ ఇక పోదని చెప్పాడు. "అంటే మందులు వాడితే?" అని జోడు బాబాయ్ మూడుసార్లు అడిగాడు. డాక్టరు మూడుసార్లూ అదే మాట అంతే నెమ్మదిగా చెప్పాడు.

ఆ సాయంత్రమే ప్రమాదాల రిజిస్టరు నింపాలి. భద్రత బాధ్యత ఎవరిదో వాళ్ళే రాయాలన్నది నియమం. జోడు బాబాయ్ రాశాడు: కళ్ళజోడు కళ్ళకు లేదు, నుదుటి మీద ఉంది. కింద సంతకం పెట్టాడు. మేనేజరు ఆ వాక్యం చదివి తల పంకించి, పక్క గడిలో తన చేత్తో "స్వీయ నిర్లక్ష్యం" అని రాశాడు. తొమ్మిది రోజుల్లో తనిఖీ అధికారిణి వస్తుంది, ఆవిడ ఆ మాటని ఖాయం చేస్తే చుక్క అనుమతి కార్డు రద్దవుతుంది. కార్డు లేని మనిషిని ఏ కంపెనీ అయినా సరే కిరణం ఛాయలకి రానివ్వదు. నిచ్చెన సంగతి అలా ఉంచండి, ఒంటి కంటితో చేసుకోగల మీటల బల్ల పని కూడా దక్కదు. ఆ పని తప్ప ఆమెకి ఇంకోటి రాదు, అక్కర్లేదు కూడా. అదే శిక్షణలో లోపమని తేలితే కార్డు నిలబడుతుంది. నేర్పినవాడి ఉద్యోగం పోతుంది. నేర్పినవాడి పదవీ విరమణకి ఇంకా ఎనిమిది నెలలు ఉంది.

ఆయన రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఉన్నది ఉన్నట్టు రాసి, రాయాల్సింది వదిలేశాడు. మనిషి దొంగతనం చెయ్యాలంటే చీకట్లోనే చెయ్యాలని ఏం లేదు, పట్టపగలు నలుగురి ముందూ సంతకం పెట్టి కూడా చెయ్యొచ్చు.

ఇంట్లో చుక్క మామూలుగానే తిరుగుతోంది. అదే చూడలేకపోయాడు ఆయన. మూడోరోజు భోజనాల దగ్గర ఆమె చెంబు ఎత్తి గ్లాసులో నీళ్ళు వంచితే, నీళ్ళు గ్లాసు పక్కన బల్ల మీద పడ్డాయి. దూరం తెలీట్లేదు పాపం. వాళ్ళమ్మ గ్లాసుని నాలుగు వేళ్ళ మేర జరిపి, నీళ్ళ ధార కిందికి తెచ్చింది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.

చుక్క లేచి వెళ్ళాక వాళ్ళమ్మ బల్ల తుడుస్తూ అడిగింది.

"ఏమండీ, అది జోడు ఎందుకు తీసిందంటారు? మీ దగ్గరే కదా పని నేర్చుకుంది."

ఆవిడ మనసులో ఏ మెలికా లేదు, తెలీక అడిగింది. ఆయన చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాడు. చెయ్యి కడుక్కుని ముందు గదిలోకి వెళ్ళాడు. ఆసుపత్రి నుంచి తెచ్చిన చుక్క సంచీ అక్కడే కుర్చీలో ఉంది. అందులోంచి ఆమె జోడు తీశాడు. ఎందుకు తీశాడో తెలీదు, ఊరికే తుడిచి పెడదామనుకున్నాడేమో.

జోడు అంచు చుట్టూ నల్లటి రబ్బరు ఉంటుంది, కొత్తలో గరుకుగా ఉంటుంది. చుక్క జోడుకి ఎడమవైపు కింది మూల ఒకచోట ఆ గరుకు అరిగిపోయి నున్నగా మెరుస్తోంది. బొటనవేలంత మేర. ఆయన తన సంచీలోంచి తన జోడు తీసి పక్కన పెట్టి చూశాడు. అదే మూల, అదే మేర. ఆయనది ముప్పై ఏళ్ళ అలవాటు కాబట్టి లోతుగా ఉంది. ఆమెది నాలుగేళ్ళది.

రెండు జోళ్ళూ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"చూశావా," అంది చుక్క గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చి నిలబడిందో.

"ఎప్పటి నుంచి?" అన్నాడు ఆయన.

"పనిలో చేరిన మొదటి రోజు నుంచి. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డా కదా, నువ్వెత్తడం కనపడింది."

"అడగొచ్చుగా నన్ను!"

"ఏమని అడగను నాన్నా? నువ్వు తలుపు దగ్గర చెప్పేదంతా కొత్తవాళ్ళకి, నిచ్చెన మీద చేసేది మనవాళ్ళకి అనుకున్నా. పని బాగా తెలిసినవాళ్ళ పద్ధతి అదేననుకున్నా. నువ్వెత్తినట్టే ఎత్తడం వచ్చినరోజు ఎంత సంతోషపడ్డానో తెలుసా?"

చుక్క వచ్చి పక్కన కూర్చుంది. కూర్చునే ముందు కుర్చీ చెయ్యి ఎక్కడుందో తడిమి చూసుకుంది.

"నేను చెప్పేది విను. ఆవిడ వచ్చిన రోజు తప్పు నాదేనని చెప్తాను. నాన్న వందసార్లు చెప్పినా నేను వినలేదంటాను. నువ్వు మధ్యలో నోరు తెరవకు. ఎనిమిది నెలలు ఆగితే పూలదండ వేసి పంపిస్తారు నిన్ను. ఇంట్లో ఒకళ్ళకి పోయింది చాలు."

"మరి నీ కార్డు?"

"ఇంకేదన్నా పని చూసుకుంటాలే," అని నవ్వింది. ఆ నవ్వులో పస లేదు.

వద్దమ్మా అనాలి. కన్నతండ్రి అన్నవాడు అక్కడికక్కడే వద్దని అనాలి. ఆయన అనలేదు. రేపు చూద్దాంలే అనుకున్నాడు. మర్నాడూ అదే అనుకున్నాడు. పిరికితనం ఎప్పుడూ నేను పిరికితనాన్ని అని చెప్పుకుంటూ రాదు, కాస్త ఆగి ఆలోచిద్దాం అంటూనే వస్తుంది. అలా ఆగి ఆలోచిస్తుండగానే తొమ్మిదో రోజు వచ్చేసింది.

తనిఖీ అధికారిణి నడివయసు మనిషి. ఎవరూ చెప్పకముందే తలుపు దగ్గరి రేకు డబ్బాలో తన ఉంగరం, గడియారం తీసి వేసి లోపలికి వచ్చింది. అది చూసి జోడు బాబాయ్‌కి ఆవిడంటే గౌరవం కలిగింది, దానితోపాటే భయమూ వేసింది.

"మా నియమాలన్నీ పటం కట్టించి గోడకి పెట్టాం మేడమ్," అన్నాడు మేనేజరు.

"గోడ మీదవి చదివానండీ. నిచ్చెన మీద ఏం జరుగుతుందో చూద్దామని వచ్చాను," అంది ఆవిడ.

ముందు చుక్కని అడిగింది. చుక్క అనుకున్నదంతా తడబడకుండా అప్పజెప్పింది. తండ్రి పోరుతూనే ఉండేవాడంది. తానే తొందరపడి జోడు ఎత్తానంది. ఇంకెవరి తప్పూ లేదంది. అధికారిణి రాసుకుంటోంది. జోడు బాబాయ్ నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. నేల మీద నల్లగుడ్డ ముక్క ఒకటి పడి ఉంది. ఆ రోజు తన చేతిలోంచి పడిందే అయ్యుంటుంది.

"ఒక్కటి చెప్పండి," అంది ఆవిడ కలం ఆపి. "అసలు జోడు పెట్టుకుని ఈ పని చెయ్యడం కుదురుతుందా?"

"భేషుగ్గా కుదురుతుంది మేడమ్," అన్నాడు మేనేజరు. "మా బాబాయ్ ముప్పై ఏళ్ళుగా చేస్తూనే ఉన్నాడు. కావాలంటే చూపిస్తాడు."

కిరణం శక్తిని కంటికి ఏ హానీ చెయ్యనంత తక్కువకి దింపించి, యంత్రం దగ్గరికి వెళ్ళి ఆవిడే స్వయంగా కొలిచి చూసుకుంది. హాల్లో దీపాలు తగ్గించారు. జోడు బాబాయ్ జోడు పెట్టుకున్నాడు. సంచీలోంచి అట్టల కట్ట తీసి, దాని రబ్బరు బ్యాండు లాగితే అది పాతబడి పుటుక్కున తెగింది.

మొదటి అద్దం. అట్ట పెట్టాడు, నారింజ చుక్క వెలిగింది, అట్ట తీశాడు, మర తిప్పాడు, మళ్ళీ అట్ట పెట్టాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ విసుక్కోలేదు. రెండో అద్దం కూడా అలాగే చేశాడు. బొటనవేలు మీదే ధ్యాసంతా పెట్టాడు, దాన్ని మర మీద అదిమి పట్టుకున్నాడు. ఈ ఒక్క అద్దం అయిపోతే గండం గట్టెక్కినట్టేనని మనసు లోపల ఏదో మూల లెక్క వేస్తోంది. ఆ లెక్కకి సిగ్గుపడుతూనే మూడో నిచ్చెన ఎక్కాడు.

మూడో అద్దం మొండికేసింది. వెలుగు చుక్క మధ్యకి రాదు. వెంట్రుకవాసి ఎడమకి పోతుంది, కాదంటే వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. అట్ట మీద కనపడేది సరిగ్గా తెలీట్లేదు. ఆయన పనిమంతుడు. పనిలో దిగితే ఒళ్ళు తెలీదు. అధికారిణిని మరిచిపోయాడు, మేనేజరుని మరిచిపోయాడు, ఎనిమిది నెలలూ మరిచిపోయాడు. ఇంకొక్క పిసరు, అంతే, అనుకున్నాడు.

ఎడమచెయ్యి పైకి లేచింది. బొటనవేలు జోడు కింది అంచు దగ్గరికి వెళ్ళి, అరిగిన చోట ఒదిగి, రవ్వంత ఎత్తింది. ఆకుపచ్చ చుక్క స్పష్టంగా కనపడింది. మర తిప్పాడు. చుక్క నడిమధ్యకి వచ్చి కూర్చుంది. వేలు కిందికి దిగింది.

హాల్లో ఎవరూ కదల్లేదు. ఏమయిందో ఆయనకి తెలియడానికి కాస్త సమయం పట్టింది. తెలిశాక తల తిప్పి కిందికి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

"జోడు జారుతున్నట్టుంది నాన్నా," అంది చుక్క కింద నుంచి. గొంతు మామూలుగా పెట్టడానికి ఎంత కష్టపడుతోందో ఆయనకొక్కడికే తెలుసు. "వెనక పట్టీ వదులైపోయింది. నేను బిగిస్తానన్నా వినలేదు నువ్వు."

"అదే అదే," అందుకున్నాడు మేనేజరు. "పాత జోడు మేడమ్, జారుతుంటుంది. ఏం బాబాయ్, జారింది కదూ?"

అధికారిణి కలం పట్టుకుని పైకి చూస్తూ నిలబడింది. ఒక్క మాట చాలు. జారింది అంటే చాలు, తల ఊపినా చాలు. దారి కూతురే వేసి పెట్టింది, నడవడమే తరువాయి. జోడు బాబాయ్ కిందికి చూశాడు. చుక్క మొహం ఎత్తి, తల కొంచెం పక్కకి తిప్పి చూస్తోంది. ఈ తొమ్మిది రోజుల్లో ఆమెకి అలవాటైపోయింది. ఆయన మొహం నిండుగా కనపడాలంటే మంచి కన్ను, ఎడమది, ఆయన వైపు తిప్పుకోవాలి.

"జారలేదు," అన్నాడు ఆయన.

"నాన్నా..."

"జారలేదు మేడమ్. నేనే ఎత్తాను. ముప్పై ఏళ్ళ నుంచి ఇలాగే ఎత్తుతున్నాను. అట్టల కట్ట ఇవాళే విప్పాను, కింద బ్యాండు ముక్క పడుంది చూడండి. పిల్ల నన్ను చూసే నేర్చుకుంది. దాని జోడూ నా జోడూ పక్కపక్కన పెట్టి చూడండి, ఒకేచోట అరిగుంటాయి. ఆ రిజిస్టరులో నేను రాసింది సగమే. మిగతా సగం ఇది. రాసుకోండి."

ఆవిడ రాసుకుంది. తర్వాత జరగాల్సినవన్నీ నియమం ప్రకారం జరిగాయి. "స్వీయ నిర్లక్ష్యం" అన్న మాట కొట్టేసి "శిక్షణ లోపం" అని రాశారు. చుక్క కార్డు నిలబడింది, నేల మీది పనులకి మాత్రమే అని దాని మీద ముద్ర పడింది. జోడు బాబాయ్ ఉద్యోగం ఆ వారంలోనే పోయింది. ఆయన చేతి కింద ఒక్క కన్ను పోలేదన్న మాట ఆ తర్వాత ఎవరూ అనలేదు, ఎగతాళికి కూడా అనలేదు.

అవన్నీ తర్వాతి సంగతులు. అప్పటికి మాత్రం ఆయన ఇంకా నిచ్చెన మీదే ఉన్నాడు. జోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఒక్కో మెట్టే దిగడం మొదలుపెట్టాడు.

చుక్క నిచ్చెన దగ్గరికి వచ్చింది. కన్ను పోయినప్పుడు ఏడవలేదు, డాక్టరు చెప్పినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు ఏడుస్తోంది.

"ఎందుకు చెప్పావు నాన్నా? నాకెలాగూ పోయింది. నీదైనా మిగిలేది కదా," అంది.

"నీకు పోయాక నాకేం మిగిలిందమ్మా," అన్నాడు.

ఆయన దిగడానికి ఆసరాగా ఆమె చెయ్యి చాచి పట్టుకోబోయింది. ఆ చెయ్యి ఆయన చేతికి నాలుగు వేళ్ళ దూరంలో ఉత్తగాలిని పట్టుకుంది. ఆయన చివరి మెట్టు మీద ఆగి, తన చేతిని అక్కడికి జరిపాడు.